కరెంటు కొత్తలు

ఖమ్మంలో కరెంటు పోవాలని కోరుకునే మనిషిని నేనొక్కణ్ణే అయ్యుంటాను. కరెంటు పోగానే వీధంతా ఉసూరుమంటుంది, నేను మేడ మీదికి పరుగెత్తుతాను. కాసేపటికి వచ్చేస్తుంది. వీధి హమ్మయ్య అంటుంది, నేను మెట్లు దిగుతాను. మా ఆవిడ దీన్ని వ్యాయామమనుకుని చాలాకాలం సంతోషించింది.

నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. పరిశోధన చేయాలని ఒకప్పుడు ఉండేది. ఇప్పుడూ ఉంది, చేసే వీలే ఎప్పుడూ లేదు. నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. విశ్వంలో ఎక్కడో ఒక పెద్ద నక్షత్రం చనిపోతూ ఒక్క పెట్టున గామా కిరణాలను చిమ్ముతుంది. కొన్ని క్షణాలు, అంతే. అవి కోట్ల ఏళ్లు నడిచి వచ్చి మన గాలి పైపొరలో ఇంకిపోతాయి. కంటికి కనబడవు. ఇక్కడ భూమేమో తన అయస్కాంత బలంతో విద్యుత్ కణాలను పట్టి నడుముకు చుట్టుకుని ఉంది. దాన్ని రేడియేషన్ బెల్టు అంటారు. అంత దూరపు చావు ఈ బెల్టును కదిలిస్తుందా? అందులోంచి నాలుగు కణాలు మన గాలిలోకి రాలతాయా? కావచ్చు అనేవాళ్లున్నారు, ఉత్త భ్రమ అనేవాళ్లూ ఉన్నారు. ఈ సంగతి తెలిసిన పెద్దమనిషి ఒకాయన, మన వైపు రాలి పడేవి చాలా తక్కువని నాతో అన్నారు. తక్కువ అన్నారు గాని లేవనలేదు. ఆ సందులోనే నేను ఏళ్ల తరబడి కాపురముంటున్నాను.

కణాలు రాలితే పైగాలి తీరు కొద్దిగా మారుతుంది. దానికి తగిలి వచ్చే దూరపు రేడియో సంకేతం కొద్దిగా ఊగుతుంది. సముద్ర తీరం నుంచి జలాంతర్గాముల కోసం పంపే సంకేతం ఒకటుంది. గామాల కోసం జలాంతర్గాముల వెంట పడ్డాను. చెక్క చట్రానికి రాగి తీగ వందల చుట్లు చుట్టి, ఆ ఊపును కాగితం మీద గీసే యంత్రానికి కలిపాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినవచ్చు కూడా. కాని ఖమ్మంలో వినబడేది ఒకటే, కరెంటు తీగల హోరు. ఆకాశం గుసగుసలాడుతుంటే ఊరంతా కలిసి పిండి రుబ్బుతున్నట్టుంటుంది.

కరెంటు లేని ఊరు కావాలని మా కాలేజీ అటెండరును అడిగాను. అతనిది భద్రాచలం వైపు. ఒక గూడెం పేరు చెప్పి, "జల్దీ పోండి సార్, స్తంభాలు పాతిన్రు. ఇయ్యాలో రేపో తీగలు గుంజుతరు" అన్నాడు. ఇన్నేళ్లలో నేను దేనికీ అంత తొందరపడలేదు. దీపావళి దాటగానే పది రోజులు సెలవు పెట్టాను. గూడెం పేరు మాత్రం ఇక్కడ రాయను. రాసినా మీరు వెళ్లేసరికి అక్కడ కరెంటు ఉంటుంది.

కొత్తగూడెం బస్సు

బస్సులో మొదటి గొడవ చట్రం దగ్గరే మొదలైంది. కండక్టరు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"మంచానికి లగేజి కొట్టాలె."

"మంచం కాదండీ, యాంటెన్నా."

"టీవీదా?"

"కాదు. ఆకాశానిది."

ఆయన రేట్ల కాగితం మీద వేలు జరిపాడు. "అయితే మంచానికే కొడ్త. ఆకాశానికి రేటు లేదు."

నా పక్కన సీతాఫలాల గంపతో ఒక ముసలమ్మ కూర్చుంది. ములకలపల్లిలో కూతురి దగ్గరికి పోతోందట. ఆమె రాగి తీగను గోటితో మీటి చూసి, "నులక గింత సన్నగ అల్లిచ్చినవేంది బిడ్డా, ఒరిగితె తెగదా?" అంది. ఒరగను అని మాటిచ్చాను. జాలిపడి పండు ఒకటి చేతిలో పెట్టింది. మా వైపు సీతాఫలం పంచదార తిన్నట్టుంటుంది. ఇది కొంచెం పులుపుతో, అడవి తన సంగతి తాను చెప్పుకున్నట్టుంది. గింజలు ఎక్కడ వేయాలో తెలియక జేబులో వేసుకున్నాను.

రెండో గొడవ బ్యాటరీది. యంత్రం నడపడానికి లారీ బ్యాటరీ ఒకటి తెచ్చి కాళ్ల మధ్య పెట్టుకున్నాను. పాల్వంచ దాటేసరికి అందులోని యాసిడ్ చింది, నా ప్యాంటుకు మోకాళ్ల నుంచి కింది వరకు చిన్న చిన్న చిల్లులు పడ్డాయి. ఒక కాలి మీద సప్తర్షి మండలం దాదాపు పూర్తిగా వచ్చింది. చుక్కలు చూడడానికి బయల్దేరినవాడికి ప్రయాణంలోనే కనిపించాయి.

భద్రాచలం

వంతెన మీదికి రాగానే బస్సంతా గోదావరి వైపు ఒరిగింది. ఆడవాళ్లు కిటికీల్లోంచి చిల్లర విసిరి దండం పెట్టారు. నేనూ జేబులో చేయి పెట్టి విసిరాను. విసిరాక చూసుకుంటే అవి సీతాఫలం గింజలు. ఏ లంకలోనైనా మొలిస్తే ఆ చెట్టు నాది.

ఆ రాత్రికి ఒక సత్రంలో పడుకుని పొద్దున్నే హోటలు వెతుక్కున్నాను. ఖమ్మంలో ఇడ్లీకి పల్లీ చట్నీ జారుగా పోస్తారు. ఇక్కడ అల్లం చట్నీ గట్టిగా, బెల్లం తగిలించి పెట్టారు. నది దాటితే నాలుక కూడా యాస మారుస్తుందేమో. టీ రెండు రూపాయలు. "మంచం అమ్ముతవా?" అని హోటలాయన అడిగాడు. అప్పటికి నాకూ అది మంచమేనేమో అన్న అనుమానం మొదలైంది.

పర్ణశాల పోయే జీపులో ఎంతమంది పడతారో అంతకు రెట్టింపు ఎక్కాం. నాకు ఎదురుగా ఒడిలో ఐసు డబ్బా పెట్టుకుని ఒకామె కూర్చుంది. నలభై దాటి ఉంటాయి. తెల్ల చీర, మెడలో చిన్న శిలువ, గట్టి గొంతు. పేరు రూతమ్మ. ఊరూరా తిరిగి టీకాలు వేసే ప్రభుత్వ నర్సు. నేను పోయే గూడెంలోనే కిరాయి గదిలో ఉండి పనిచేస్తోందట. సొంత ఊరు పినపాక. భర్త బొగ్గు గనిలో, పిల్ల హాస్టల్లో. నెలకు ఒక ఆదివారం ఇంటికి పోయి, చర్చిలో పాట పాడి, సాయంత్రం బస్సుకు తిరిగొస్తుంది.

"గిదేంది సార్, ఇంత తీగ?" అని అడిగింది.

చెప్పడం మొదలుపెట్టాను. నేను మొదలుపెడితే ఆపలేరని మా విద్యార్థులకు తెలుసు, జీపుకు తెలియదు. "భూమి చుట్టూ ఒక బెల్టు ఉందమ్మా..." అన్నానో లేదో, డ్రైవరు వెనక్కి తిరిగాడు. ఆ రోజుల్లో ఊళ్లలో దొంగచాటుగా మందు అమ్మే కొట్లను బెల్టు షాపులనే వాళ్లు.

"మా ఊర్ల గూడ ఉన్నది సార్, బెల్టు. ఇంటికొకటి."

"ఇది వేరే బెల్టయ్యా."

"మీ దాంట్ల ఏం దొరుకుతది?"

"కణాలు."

"మా దాంట్ల క్వార్టర్లు."

జీపంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా ప్రశ్న అంతమందిని సంతోషపెట్టడం అదే మొదలు.

రూతమ్మ మాత్రం ఐసు డబ్బా మీద చేతులు వేసుకుని, "నాకు భూమి చుట్టు ఏమున్నదో వద్దు సార్. గది నడుమ పిడికెడంత బుగ్గ కావాలె" అంది. బుగ్గ అంటే బల్బు. "పొద్దుగూకినంక ఎవరికన్న సెలైను ఎక్కియ్యాలంటే టార్చి పండ్ల నడుమ పట్టుకుంట. నరం దొరికేదాక నోరు తెరవొద్దు, తెరిస్తె టార్చి కింద పడి చీకటే. ఈ మందులకు ఫ్రిజ్ లేక వారం వారం ఐసు మోసుకొస్తున్న. స్తంభాలు పడ్డయి, ఇగ దేవుని దయ. అవుగాని సార్, మీరు మా గూడెంకు దేనికొస్తున్రు?"

"అక్కడ కరెంటు లేదని" అన్నాను.

పర్ణశాల వచ్చేదాకా ఆమె నన్ను వదలకుండా కడిగేసింది.

పర్ణశాల

గూడేనికి పోయే ట్రాక్టరు రావడానికి టైముందని గుడి చూడటానికి పోయాను. యాత్రికులకు గైడు ఒకాయన రాళ్ల మీద గుర్తులు చూపిస్తున్నాడు. బంగారు లేడి ఇటు పరుగెత్తింది, స్వామి ఇటు వెంటపడ్డాడు అని వేలితో దారి గీస్తున్నాడు. "లేని జింక కోసం ఇంత కథ జరిగింది" అని ముగించి ఎందుకో నా వైపు చూశాడు. చట్రం బయట పెట్టే వచ్చాను, అయినా చూశాడు.

తీగలు గుంజడం ఇంకో వారం ఆలస్యం కావాలని మొక్కుకుందామనుకున్నాను. బయట, టీకొట్టు నీడలో, ఎండ తగలకుండా ఐసు డబ్బాకు కొంగు కప్పి రూతమ్మ నిలబడి ఉంది. మొక్కు సగంలో మింగేశాను. మింగిన మొక్కు చెల్లుతుందో లేదో శాస్త్రం తెలిసినవాళ్లు చెప్పాలి.

గూడెం

ట్రాక్టరు మమ్మల్ని దించేసరికి గూడెం గూడెమంతా ఎదురొచ్చింది. కాళ్లకు నీళ్లిచ్చారు. ఊరి పెద్ద ముత్తయ్య నా చట్రాన్ని తానే భుజాన వేసుకున్నాడు. ఆయన భార్య చుక్కమ్మ అప్పటికే కోడిని కోసింది. జొన్న గటక, కోడి పులుసు, వెదురు కొమ్ముల కూర, మోదుగాకు విస్తట్లో. వెదురు కొమ్ము మొదటి ముద్దకు చేదు, మూడో ముద్దకు అలవాటు, ఆ తర్వాత వదలబుద్ధి కాదు. జీలుగు కల్లు కూడా పోశారు. చుక్కలను వెతుక్కుంటూ వచ్చినవాణ్ణి చుక్కమ్మ చేతి చుక్కతో ఆదరించారని ఇంటికి పోయి చెప్పుకోవచ్చు అనుకున్నాను.

మా ఊళ్లో చుట్టానికి ముందు మంచం వేసి తర్వాత ఎందుకొచ్చారని అడుగుతారు. ఇక్కడ తిండి పూర్తయి చేయి కడిగేదాకా ఆ మాట ఎత్తరు. చేయి కడిగాక ముత్తయ్య అడిగాడు.

"మా బుగ్గలు ఎప్పుడు ఎలుగుతయి సారూ?"

అప్పుడర్థమైంది. తీగచుట్ట, బ్యాటరీ, పెట్టె చూసి నన్ను కరెంటు ఇచ్చే ఆఫీసరు అనుకున్నారు. రూతమ్మ గోడకు ఆనుకుని, "చెప్పండి సార్, చెప్పండి" అన్నట్టు చూస్తోంది. కోడి కడుపులో మళ్లీ కూసినట్టయింది. నేను కరెంటు ఇచ్చేవాణ్ణి కాదనీ, అది లేని చోటు వెతుక్కుంటూ వచ్చాననీ చెప్పాను.

ముత్తయ్య తీగచుట్ట వైపు, నా వైపు చూశాడు. "లేని దాని కోసం గింత దూరం వచ్చినవా? చెప్పి పంపితె మేమే పంపుదుము. లేనిది మా దగ్గర శానా ఉన్నది."

చుక్కమ్మ నవ్వి ఇంకో ముక్క వడ్డించింది. పెట్టిన కోడిని వెనక్కి తీసుకోలేరు కదా.

మర్నాడు తెల్లవారుజామున ఊరి చివర చేనులో చట్రం నిలబెట్టి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. హోరు లేదు. మొదట ఏమీ లేదనుకున్నాను. తర్వాత, నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు సన్నగా, ఆగి ఆగి. ఎక్కడో సముద్రాల అవతల మెరిసే మెరుపులవి. వాటి వెనకాల జలాంతర్గాముల సంకేతం సన్నటి దారంలా సాగుతోంది. కాగితం మీద కలం వణకకుండా గీత గీస్తోంది. ఇన్నేళ్లూ మేడ మీద పావుగంట పావుగంటగా అరువు తెచ్చుకున్నది నా ముందు చేనంత పరుచుకుని ఉంది. కళ్లద్దాలు ఎందుకో మసకబారాయి. మంచు అనుకున్నాను.

ముత్తయ్య వేప పుల్ల నములుతూ వచ్చాడు. "ఏమంటున్నది?"

"ఇంకా ఏమీ అనలేదు."

"అయితె మా పూజారి లెక్కనే ఉన్నవు. ఆయన గూడ రోజు గట్లనే అంటడు."

వద్దన్న కరెంటు

ఆ రోజే లైన్‌మన్ మనుషులతో వచ్చాడు. మధ్యాహ్నానికి తీగలు గుంజారు, ఇంటింటికీ ఒక స్విచ్, ఒక హోల్డరు బిగించారు. నా ఆకాశం ఒక్క పూట ఆకాశమేనా అనుకుంటూ చేనుగట్టు మీద కూర్చున్నాను. సాయంత్రం ఊళ్లో అరుపులు వినబడి పోయి చూస్తే, గొడవపడుతున్నది లైన్‌మనే.

"యాడనన్న కరెంటు ఇయ్యలేదని కొట్లాడుతరు. ఈడ ఇస్తనంటె వద్దంటున్రు! లైను ఎక్కిచ్చిన. స్విచ్ ఏస్కోండ్రి అంటున్న!"

ముత్తయ్య నింపాదిగా బదులిచ్చాడు. "కొత్త వడ్లు పెద్దలకు పెట్టకుండ తింటమా? చిక్కుడుకాయ గూడ నోట్లె పెట్టం. గిది ఊరికి కొత్త పంట. కొత్తల పండుగ నాడు పెద్దలకు చూపిచ్చినంకనే ముడ్తం. ఇంకెన్ని రోజులు, బుధవారం దాక."

రూతమ్మ ముందుకొచ్చింది. "ముత్తయ్య మామా, చచ్చిపోయిన పెద్దలు బుగ్గలు తింటరా?"

"నువ్వు కోత పండుగకు సర్చిల గుమ్మడికాయ పెడ్తివి గదా సిస్టరమ్మా. ఏసయ్య తినెనా?"

రూతమ్మ ఆపుకోలేక నవ్వింది. నవ్వు అయిపోయాక ముఖం మాత్రం వాడిపోయింది. గదిలోకి పోయి తలుపు దగ్గరేసుకుంది.

నాకు లోలోపల గంతులేయాలని ఉంది. తీగల్లో కరెంటు సిద్ధంగా ఉన్నా, ఎవరూ వాడకపోతే అది పారదు. పారకపోతే నా తీగచుట్టకు ఆ హోరు వినబడదు. ఆ గూడెం పెద్దలు, వాళ్లు ఏ కాలం వాళ్లో గాని, నాకు బుధవారం దాకా నిశ్శబ్దం ప్రసాదించారు. రూతమ్మ గది ముందు నుంచి పోవాల్సి వచ్చినప్పుడు మాత్రం తల దించుకుని పోయేవాణ్ణి.

ఆ రోజులు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం, ఏమీ జరగలేదు కాబట్టి. గీత సాగుతూనే ఉంది. చుక్కమ్మ ఒకసారి హెడ్‌ఫోన్ పెట్టుకుని, "ఎవరో అటుకులు దంచుతున్నరు" అంది. ఒక ఉదయం మాత్రం చిటపటల మధ్య ఒక ఈల, పైనుంచి కిందికి జారుతూ వచ్చి ఆగిపోయింది. మెరుపు పుట్టించిన అల బెల్టు దారిన ఆ కొస దాకా పోయి దిగితే అట్లాంటి ఈల వినబడుతుంది. నిజంగా అదేనా, నా కోరికే ఈల వేసిందా, చెప్పలేను. మళ్లీ వినబడుతుందేమోనని అన్నం కూడా చేలోనే తిన్నాను. వినబడలేదు. గీత ఒక్కసారైనా ఊగలేదు. బుధవారం దగ్గరకొచ్చే కొద్దీ ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అని మనసు పేచీ పెట్టేది.

కొత్తలు

బుధవారం పొద్దెక్కాక గూడెమంతా ఒకచోట చేరింది. కొత్త బియ్యం వండారు. పూజారి చేటలో కొత్త వడ్లు, చిక్కుడుకాయలు పెట్టాడు. వాటి పక్కన ఇంటికొకటి చొప్పున బల్బులు. రూతమ్మ తన బల్బును అట్టపెట్టెలోంచి తీసి తానే చేటలో పెట్టింది. పూజారి వాళ్ల భాషలో ఒక్కొక్క పెద్ద పేరూ పిలిచాడు. పేరు పేరుకూ కొద్దిగా నీళ్లు వదిలాడు. మేం తద్దినానికి మూడు తరాలు చెప్పడానికే కాగితం చూసుకుంటాం. ఆయన ఎక్కడా తడుముకోలేదు. అది వింటుంటే, వెలుగు చూడకుండా పోయినవాళ్లందరినీ వెలుగు చూడ రమ్మంటున్నట్టే అనిపించింది.

తర్వాత ముత్తయ్య నా దగ్గరికొచ్చాడు.

"కొత్తల నాడు ఊర్ల చుట్టం ఉంటె ముందు ముద్ద చుట్టానిదే సారూ. నువ్వు ముట్టినంకనే మేం ముడ్తం. అన్నం గట్లనే, స్విచ్ గట్లనే."

ఆయనే మళ్లీ అన్నాడు, గొంతు తగ్గించి. "నీకు ఇంకా వినేది ఉన్నదేమో. ఉంటె చెప్పు. అన్నం ఇయ్యాల తిందం. బుగ్గలు నువ్వు పోయినంక ఏసుకుంటం. ఇన్నేండ్లు ఆగినం, నాలుగు రోజులు ఓ లెక్కనా? లేని దాని కోసం వచ్చినోనివి."

వేళాకోళం కాదు. నిజంగా అడుగుతున్నాడు. నా సెలవింకా ఉంది. బ్యాటరీలో దమ్ముంది. ఊ అంటే చాలు. నాలుగు రోజుల్లో ఆకాశం ఏమైనా అనవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. రూతమ్మ వైపు చూశాను. జీపులో నన్ను కడిగేసిన మనిషి, ముత్తయ్యతో వాదించిన మనిషి, ఈసారి ఒక్క మాట అనలేదు. చేటలోంచి తన బల్బు తీసుకుని, పైటతో తుడిచి, మళ్లీ తుడుస్తోంది.

"ముద్ద తర్వాత తింటాను" అన్నాను. "ముందు సిస్టర్ గదికి పోదాం."

గూడెమంతా ఆ చిన్న గది ముందు చేరింది. రూతమ్మ స్టూలెక్కి బల్బు బిగించింది. దిగి, "ఏయండి సార్" అంది. స్విచ్ వేశాను. వెలగలేదు. గుంపులో ఎవరో "పెద్దలకు ఇంకా కోపం పోలే" అన్నారు. పండుగకు వచ్చిన లైన్‌మన్ ముందుకు తోసుకొచ్చి, "స్విచ్ తలకిందులు బిగిచ్చిన, నాదే తప్పు, కిందికి కాదు సార్, మీదికి!" అన్నాడు. మీదికి వేశాను.

పట్టపగలు వెలిగిన ఆ బల్బును చూసి అంతమంది ఎందుకు ఊపిరి బిగపట్టారో మీకు చెప్పనక్కర్లేదు. రూతమ్మ దాని కింద తన అరచేయి చాపి, ముంజేతి నరాలను చూసుకుంటూ నిలబడింది. "కనబడుతున్నయి సార్" అంది.

కొత్త బియ్యం మొదటి ముద్ద మింగి నేను చేనుకు పరుగెత్తాను. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. ఆవాల చిటపట ఇంకా ఉంది. దాని వెనకాల ఒక సన్నని మూలుగు మొదలైంది, రూతమ్మ బుగ్గది. పొద్దువాలే వేళకు ఇంకొకటి కలిసింది, ఇంకొకటి. ఒక్కొక్క ఇల్లూ వెలిగిన కొద్దీ మూలుగు చిక్కబడి హోరైంది. ఆవాలు మునిగిపోయాయి. సంకేతం దారం తెగిపోయింది. ఊరు పూర్తిగా వెలిగేదాకా చెవుల మీద నుంచి తీయలేదు.

తిరుగు దారి

మిగిలిన రోజులు మొండిగా యంత్రాన్ని అట్లాగే నడిపించాను. వచ్చేటప్పుడు చుక్కమ్మ ఎండబెట్టిన వెదురు కొమ్ములు మూట కట్టింది. రూతమ్మ ట్రాక్టరు దాకా వచ్చి, "ఫ్రిజ్ వచ్చినంక రండి సార్, చల్లటి నీళ్లు తాగుదురు గాని" అంది. బస్సులో చట్రానికి మళ్లీ మంచం టికెట్టే కొట్టారు. నేను వాదించలేదు.

ఖమ్మం వచ్చాక ఇంటర్నెట్ సెంటరుకు పోయి, ఉపగ్రహాలు పట్టుకున్న గామా విస్ఫోటాల పట్టిక చూశాను. నేను గూడెంలో ఉన్న వారంలో ఒకటి ఉంది. పెద్దదే. కొత్తల మర్నాడు సాయంత్రం, మన వైపు ఆకాశంలోనే.

నాలుగు రోజులు ఆగమని ఉంటే వాళ్లు ఆగేవాళ్లే.

ఆ ఘడియకు ఉన్న కాగితం ముక్క నా బల్ల అద్దం కింద ఉంది. కోట్ల ఏళ్లు నడిచొచ్చిన ఆ వెలుగు గాలిని తాకిన క్షణానికి గూడెం అన్నం వండుకుంటోంది. బెల్టు కదిలిందో, నాలుగు కణాలు రాలాయో లేదో, కాగితం మీద ఉన్నది మాత్రం ఇంత మందాన కరెంటు హోరు గీత. పేపర్లు దిద్దుతూ దిద్దుతూ ఆగి, అద్దం మీదికి వంగి చూస్తుంటాను. మా ఆవిడ నేను గామాల కోసం వెతుకుతున్నాననుకుంటుంది. మొదట్లో వెతికిన మాట నిజమే. ఈ మధ్య వెతుకుతున్నది వేరు. ఆ మందపాటి గీతలో రూతమ్మ బుగ్గ ఏ పోగో అని.